పెండేకల్లులో దిగిపోయాం

అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఈ మధ్య ఒక సాయంత్రం మా అమ్మాయి ప్రశాంతి బెంగళూరు నుంచి ఫోన్ చేసి, వచ్చే నెలలో తనకు వారం రోజులు సెలవు దొరుకుతోందని, ఇద్దరం కలిసి గోవా పోదామని అంది. సముద్రం పక్కనే చిన్న ఊరట. గది తలుపు తీసి నాలుగడుగులు వేస్తే ఇసుకట. ఫొటోలు కూడా పంపించింది. కొబ్బరిచెట్లు, తెల్లటి గోడలు, నీలం రంగు తలుపు, వాటి వెనక నీళ్లు. అన్నీ చూసి బాగున్నాయని చెప్పాను. తర్వాత నాకు మోకాళ్ల నొప్పులని, ఇన్ని గంటల రైలు పడదని, ఇల్లు ఒంటరిగా వదిలి రావడం కుదరదని మూడు కారణాలు చెప్పాను. "ఆ ఇంట్లో ఉండేదే నువ్వొకదానివి. నువ్వూ రాకుండా ఎవరికి కాపలా ఉంటావమ్మా?" అని నవ్వింది. నవ్వు ఆపి, "అమ్మమ్మ పోయినప్పటి నుంచి నువ్వు గేటు దాటడం లేదు. పక్కింటి ఆంటీ చెప్పింది నాకు," అంది.

చెప్పని కారణం ఇంకొకటి ఉంది. అది మా అమ్మాయికి తెలియదు. మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆయనకూ చెప్పలేదు. అమ్మ ఎనభై ఆరేళ్లు బతికి, సముద్రం చూడకుండానే పోయింది. చూడకపోవడానికి కారణం నేను. పదేళ్ల వయసులో నేను చేసిన ఒక పొరపాటు వల్ల ఆమె బయల్దేరిన ఒకే ఒక్క ప్రయాణం మధ్యలో ఆగిపోయింది. అలాంటిది, ఇప్పుడు ఆమె పోయాక నేను వెళ్లి తీరికగా ఇసుకలో కూర్చోవడం నాకు సరిగా తోచలేదు. వినేవాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. యాభై ఏళ్లకు పైగా దాన్ని మనసులో పెట్టుకున్నాను గనక అది నాకు ఎంత పెద్దదో నాకే తెలుసు.

మాది డోన్. నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్. వచ్చే బండి ఏ పట్టాల మీదికి పోవాలో ఆ పట్టాల మీదికి మళ్లించడం ఆయన పని. మాకు ఇచ్చిన క్వార్టర్ స్టేషన్‌కు దగ్గరలోనే, ఎర్ర ఇటుకల వరసలో ఎనిమిది ఇళ్లలో మొదటిది. ఎండాకాలం పట్టాల కింది చెక్కదూలాల నుంచి తారు వాసన వచ్చేది. గాలి ఇటు మళ్లితే బొగ్గుపొగ ఆరేసిన బట్టల మీద నల్లగా దిగేది. నాన్న డ్యూటీ దిగి రాగానే ఎర్ర జెండా, పచ్చ జెండా చుట్టి తలుపు వెనక నిలబెట్టి, చేతిలాంతరు అద్దాన్ని బూడిదతో తుడిచి, ఆ తర్వాతే కాళ్లు కడుక్కునేవాడు. కాళ్లకు రెండు చెంబులు, మొహానికి ఒక చెంబు. అంతకు మించి అమ్మ ఇచ్చేది కాదు. ఆ కాళ్లు కడిగిన నీళ్లు కూడా ఊరికే పోయేవి కావు. ఆయన కరివేపాకు చెట్టు పాదులో నిలబడే కడుక్కోవాలి. బియ్యం కడిగిన నీళ్లు వరసలో ఎవరిదో బర్రెకు పోయేవి. నేను స్నానం చేసిన నీళ్లతో అమ్మ వాకిలి చల్లేది.

నీళ్లు మూడు రోజులకొకసారి వచ్చేవి. ఏ పూట వస్తాయో ఎవరికీ తెలియదు. అందుకని అందరూ కొళాయి తిప్పి వదిలేసి, కింద ఒక సత్తు గిన్నె బోర్లించి పెట్టేవాళ్లు. ముందు కొళాయిలో గాలి బుస్సుమంటుంది. తర్వాత గిన్నె వీపు మీద నీళ్లు పడి చప్పుడవుతుంది. ఆ చప్పుడుకు ఎంత నిద్రలో ఉన్నవాళ్లయినా లేచి కూర్చునేవాళ్లు. అమ్మకు గిన్నె కూడా అక్కర్లేదు. పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతూ తడుతూ చెయ్యి ఆపి, తల కొంచెం పక్కకు వంచి, "వస్తాండాయి, బిందె పట్టు మే," అనేది. ఆ తర్వాత ఎక్కడో గాలి బుస్సుమనేది. అయితే ఒక నియమం ఉంది. పైపు మా ఇంటి దగ్గర మొదలై, కొంచెం మెరక మీదున్న ఎనిమిదో ఇంటి దాకా పోతుంది. మా కొళాయి తెరిచి ఉన్నంతసేపూ మెరక మీది ఇళ్లకు నీళ్లు ఎక్కవు. కాబట్టి మా బిందెలు నిండిన మరుక్షణం కట్టెయ్యాలి. మేము కట్టేస్తే రెండో ఇల్లు, వాళ్లు కట్టేస్తే మూడో ఇల్లు. కొళాయి కట్టడం మా ఇంట్లో నా పని. ఎనిమిదో ఇంట్లో ఖాజాబీ చిన్నమ్మ ఉండేది. ఆమె భర్త లోకో షెడ్డులో ఫిట్టరు. వరస నిండా ఇన్ని ఇళ్లున్నా అమ్మకు స్నేహం ఆమెతోనే. నేను ఒక నిమిషం ఆలస్యం చేస్తే ఆమె మెరక మీద నుంచే నా పేరు పెట్టి కేకేసేది. "రూతూ! మీ ఇంట్లో ఏమన్నా చెరువు తవ్వుతాండారా?"

అలాంటి ఇంట్లో సముద్రం మాట ఎలా పుట్టిందో చెప్పాలి. మా ఊరి నుంచి పడమర పోయే పట్టాలు గుంతకల్లు దాటి, హుబ్లీ దాటి, కొండలు దిగి, గోవాలో సముద్రం ఒడ్డున ఆగుతాయి. నాన్న రోజూ ఆ వైపు బండ్లను సాగనంపేవాడు. తాను మాత్రం గుంతకల్లు దాటి పోయింది లేదు. పడమటి వైపు నుంచి వచ్చే గార్డులు ఆయనకు కబుర్లు చెప్పేవాళ్లు. ఒకాయన అప్పుడప్పుడూ న్యూస్‌పేపర్లో చుట్టి ఎండుచేపలు తెచ్చి ఇచ్చేవాడు. నాకు ఆ వయసులో సముద్రమంటే ఎండుచేపల వాసనే. సముద్రం రోజుకు రెండుసార్లు ముందుకొస్తుందని, రెండుసార్లు వెనక్కి పోతుందని ఆ గార్డు చెప్పిన మాట నాన్న ఇంటికొచ్చి చెప్పాడు.

"ఎన్ని గంటలకు వస్తుంది?" అని అడిగింది అమ్మ.

"టైము ఒకటే ఉండదంట. రోజూ మారతాంటుందంట."

"మన కొళాయి మాదిరే అన్నమాట," అని అమ్మ రొట్టె తిప్పింది.

రైల్వేవాళ్లకు ఏడాదికోసారి కుటుంబమంతా ఉచితంగా పోయి రావడానికి పాసు ఇస్తారు. నాన్న ప్రతి ఏడూ సముద్రానికి తీస్తానని చెప్పి, ప్రతి ఏడూ ఏదో పెళ్లికో, జబ్బుమనిషిని చూడటానికో కడపకు తీసేవాడు. నాకు పదేళ్లు వచ్చిన ఏడు, ఈసారి ఎవరు పోయినా ఎవరికి పెళ్లయినా సముద్రానికే అని పట్టుబట్టి పాసు తీశాడు. ఆ కాగితం బైబిలులో పెట్టి, ప్రార్థన అయ్యాక ప్రతి సాయంత్రం ఒకసారి తీసి చదివేవాడు. ఆయన పేరు, అమ్మ పేరు, నా పేరు, వయసులు. ఇంటిల్లిపాదీ ఒక కాగితం మీద ఉండటం ఆయనకు నచ్చింది.

అమ్మ నెల ముందు నుంచే ఏర్పాట్లు మొదలుపెట్టింది. సముద్రంలో దిగితే తడుస్తాం కాబట్టి, తడిసినా ఒంటికి అతుక్కోని ముదురు రంగు ముతక చీర ఒకటి పక్కన పెట్టింది. నా గౌను అంచు మడిచి కుట్టింది. ఎండబెట్టిన జొన్నరొట్టెలు ఒక గుడ్డలో, చెనక్కాయల పొడి ఒక డబ్బాలో, చిత్రాన్నం మొదటి రోజుకు మాత్రమే. మట్టి కూజాలు రెండు, మూతుల మీద తడిగుడ్డ కట్టినవి. నాన్న వాటిని చూసి, "సముద్రానికి నీళ్లు మోసుకుపోయేది నువ్వొకదానివేనే," అన్నాడు. "ఆ నీళ్లు తాగేదానికి పనికొస్తాయా ఏంది?" అంది అమ్మ. బయల్దేరే రోజు పొద్దున ఖాజాబీ చిన్నమ్మ గేటు దగ్గరికి వచ్చింది. అమ్మా ఆమే గోడవారగా నిలబడి చాలాసేపు గుసగుసగా మాట్లాడుకున్నారు. చిన్నమ్మ చేతులు తిప్పుతూ ఏదో వాదిస్తోంది. అమ్మ తల అడ్డంగా ఊపుతోంది. నేను దగ్గరికి పోతే ఇద్దరూ ఆపేశారు.

ప్యాసింజరు బండి. చెక్కబల్లలు. అమ్మ కిటికీ పక్కన, నేను ఎదురుగా, నాన్న నా పక్కన. నాన్న ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్రతి చిన్న స్టేషన్‌లోనూ తెలిసిన పాయింట్స్‌మన్‌ను పిలిచి, "ఏమప్పా, సముద్రానికి పోతాండాం," అని చెప్పాడు. పెండేకల్లు ఇంకా కొంచెం దూరం ఉందనగా, పక్క బల్ల మీది ఆవిడ కూజాలోంచి లోటాలోకి నీళ్లు వంచింది. ఆ చప్పుడు వినగానే నాకు మా ఇంటి కొళాయి గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు కొళాయి కట్టి, గిన్నె తీసి పెట్టమని అమ్మ చెప్పింది. అప్పుడు నాన్న బయటి నుంచి పిలిచాడు. నేను పరుగెత్తాను. కట్టలేదు.

"నాన్నా, కొళాయి కట్టలేదు," అని గట్టిగా అరిచాను. బండిలో అందరూ చూశారు.

ఇప్పటివాళ్లకు అందులో అరవాల్సింది ఏముందో అర్థం కాదు. నీళ్లు వస్తే, తాళం వేసిన మా ఇంట్లో వచ్చినంతసేపూ ఊరికే పారతాయి. మెరక మీది ఏడు ఇళ్లకూ మూడు రోజులు చుక్క ఉండదు. ఆ వరసలో ఒకరు ఇంకొకరికి చేయగలిగిన అన్యాయం అంతకంటే లేదు. నాన్న ముఖం మాడిపోయింది. అయినా వెంటనే దారి వెతికాడు. "పెండేకల్లులో దిగి స్టేషన్ మాస్టరు గారిని అడిగి డోనుకు ఫోన్ చేయిస్తా. మనోళ్లు తాళం పగలగొట్టి కట్టేస్తారు. బండి పది నిమిషాలు ఆగుతుంది," అన్నాడు.

"తాళం పగలగొట్టేది ఏమొద్దు," అంది అమ్మ. "దిగి మనమే పోదాం."

"ఏందే నువ్వు? ఫోన్ చేస్తే అయిపోతుందంటాండా కదా."

"దిగుదామంటాండా కదా." నలుగురి ముందు ఆయనతో ఆమె అలా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. నాన్న ట్రంకుపెట్టె దించాడు.

పెండేకల్లు ప్లాట్‌ఫారం మీద అమ్మ ట్రంకుపెట్టె మీద కూర్చుని, మోకాళ్లు దగ్గరికి తీసుకుని, తల వాల్చుకుంది. మా బండి మమ్మల్ని వదిలి పోతుంటే తలెత్తి కూడా చూడలేదు. నా వైపు అసలే చూడలేదు. గంట తర్వాత ఎదురు బండి వచ్చింది. ఇంటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. నేనే ముందు పరుగెత్తి చూశాను. కొళాయి తెరిచే ఉంది. కింద గిన్నె పొడిగా ఉంది. ఆ రోజు నీళ్లు రానే లేదు. మర్నాడు మధ్యాహ్నం వచ్చాయి.

అమ్మ ఇంట్లోకి వచ్చి, చీర కూడా మార్చకుండా చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అలా అయిదారు రోజులు పడుకునే ఉంది. ఖాజాబీ చిన్నమ్మ వచ్చి తలుపు వేసుకుని ఆమె దగ్గర కూర్చునేది. నన్ను తన ఇంటికి తీసుకుపోయి, అన్నం పెట్టి, తన పిల్లల పక్కన పడుకోబెట్టేది. "అమ్మకు ఒంట్లో బాగలేదు, అల్లరి చేయొద్దు," అని మాత్రం చెప్పింది. నాన్న వాకిట్లో కూర్చుని, చుట్టిన జెండాను విప్పి మళ్లీ చుట్టేవాడు. పాసును వెనక్కి ఇచ్చేశాడని తర్వాత తెలిసింది. అమ్మ నా మీద కోపంతోనే గోడ వైపు తిరిగిందని, నాన్న సముద్రం కోసమే మౌనంగా ఉన్నాడని నేను తేల్చుకున్నాను. పదేళ్ల పిల్లకు అంతకంటే వేరే అర్థం ఎక్కడ దొరుకుతుంది? మరుసటి ఏడు నాన్నకు బదిలీ అయింది. పాసులు మళ్లీ పెళ్లిళ్లకే ఖర్చయ్యాయి. సముద్రం మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎవరూ ఎత్తకపోవడమే నాకు రుజువుగా తోచింది.

నాకు తోబుట్టువులు లేరు. చదువుకుని, గ్రంథాలయంలో ఉద్యోగం చేసి, రిటైరై కర్నూలులో ఉంటున్నాను. నాన్నా, మా ఆయనా పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. చివరి ఏళ్లలో టీవీలో ఎప్పుడు సముద్రం కనిపించినా నేను చానెల్ మార్చేసేదాన్ని. "ఏంటికే మారుస్తావు? బాగుండాది కదా," అనేది అమ్మ. ఒకసారి ధైర్యం చేసి, "అమ్మా, ఆ పొద్దు పెండేకల్లులో... నేను శానా తప్పు చేసినా," అన్నాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, "పోనీలే. అయిపోయినవన్నీ ఇప్పుడెందుకు?" అని కళ్లు తుడుచుకుంది. కళ్లు తుడుచుకోవడం చూసి, నేను ఇంకెప్పుడూ అడగలేదు.

ప్రశాంతి ఫోన్ చేసిన తర్వాతి ఆదివారం నేను డోన్ పోయాను. అమ్మ పోయినప్పుడు ఖాజాబీ చిన్నమ్మ రాలేకపోయింది. తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. ఒకసారి వచ్చి కనిపించమని ఆమె కొడుకు మస్తాన్ రెండు మూడుసార్లు ఫోన్ చేశాడు. గోవా గురించి మా అమ్మాయి మళ్లీ అడిగేలోగా ఎటైనా పోయి రావాలని కూడా నాకు ఉండింది. మస్తాన్ లారీ మెకానిక్. షెడ్డు వెనకే ఇల్లు. చిన్నమ్మ వరండాలో మంచం మీద కూర్చుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఎవరది? రూతా? దగ్గరికి రా మే. కండ్లు అంత బాగా ఆనవు." దగ్గరికి పోతే నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని తడిమింది. "ఎనిమిది నెల్లకు గుర్తొచ్చినానా నీకు? మీ అమ్మ ఉన్నెప్పుడు వారానికొకసారి ఫోన్ చేసి నన్ను తిట్టేది. ఇప్పుడు తిట్టేవాళ్లు గూడా లేరు." ఇద్దరం కాసేపు ఏడ్చాం. మస్తాన్ భార్య టీ తెచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక, పాప గోవా పోదామంటోందని, నేను రానన్నానని చెప్పాను.

"ఎందుకు పోవు? కాళ్లు విరిగింది నాకు కదా, నీక్కాదే."

"అమ్మ చూడలేదు కదా చిన్నమ్మా. నా వల్లే కదా చూడలేదు."

"నీ వల్ల ఏంది?"

చెప్పాను. కూజా చప్పుడు దగ్గర నుంచి గోడ వైపు తిరిగి పడుకోవడం దాకా, ఎవరికీ చెప్పనిదంతా ఆ వరండాలో చెప్పాను. అయిపోయాక చిన్నమ్మ చేతికర్ర నేల మీద ఒకసారి కొట్టింది.

"యా అల్లా! ఇన్నేండ్లు ఇదా నువ్వు మోస్తాండేది? నీకు ఎవరూ చెప్పలేదా?"

"ఏం చెప్పాల?"

"ఆ పొద్దు మీ అమ్మకు మూడో నెల, మే. నీ తర్వాత రెండు కాన్పులు నిలబడలేదు. నీకు తెల్దు, చిన్నపిల్లవు. ఇదన్నా నిలబడేదాకా ఎవరికీ చెప్పకూడదని మీ నాయినకు గూడా చెప్పలే. నాకొక్కదానికే తెలుసు. ఆ చెక్కబల్లల మీద అంత దూరం పోవద్దక్కా అని గేటు కాడ నెత్తీ నోరూ కొట్టుకున్నా. 'ఆయన ఎన్నేండ్ల నుంచో అంటాండాడు ఖాజా. ఆ మొగం చూసి వద్దని ఎట్ల చెప్పల్ల?' అన్నది. పోయింది." చిన్నమ్మ టీ గ్లాసు పక్కన పెట్టింది. "బండెక్కిన కొంచేపటికే నొప్పి. చుట్టూ మగోళ్లు. ముందర నువ్వు. ఎవరికి చెప్తది? గుంతకల్లులో ఆస్పత్రి ఉండాది కదా, ఆడి దాకా ఓర్చుకుందామని పెదిమలు కొరుక్కోని కూసున్నదంట. అంతలో నువ్వు కొళాయి కొళాయి అని అరిచినావు. ఇంక ఓర్చుకోలేని టైములో దిగేదానికి ఒక సాకు దొరికింది ఆమెకు. కొళాయి కోసం దిగిందనుకున్నావా నువ్వు?"

నేను లేచి ఆమె మంచం మీదికి మారి కూర్చున్నాను.

"ఇంటికొచ్చినంక నిలబడలే. శానా నెత్తురు పోయింది. నర్సమ్మను పిలిపించినా. ఆమె ఏమనింది తెలుసా? ఇంకో రెండు గంటలు బండ్లో ఉండుంటే మనిషి దక్కేది కాదనింది. మీ నాయినకు అప్పుడే తెల్సింది. చంటిబిడ్డ మాదిరి ఏడ్చినాడు ఆ మనిషి, ఇంటెనక. మీ అమ్మ నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. నా బిడ్డ నోరు తెరిచింది కాబట్టి బతికినా ఖాజా, అని."

"నాతో ఎందుకు అనలేదు మరి?"

"పదేండ్ల పిల్లతో ఏమని చెప్తారే?"

"తర్వాత అడిగినా చిన్నమ్మా. నా దగ్గర ఉండేటప్పుడు. తప్పు చేసినా అని చెప్పినా. పోనీలే అన్నది."

"నువ్వు కొళాయి తలుచుకోని అడిగుంటావు. ఆమె పోయిన బిడ్డను తలుచుకోనుంటది. తల్లీ కూతుర్లు ఇద్దరూ ఇద్దరే. నోట్లో మాట బయటికి రాదు. మీ ఇంట్లో అందరూ పుస్తకాలు చదివి చదివి ఇట్లయినారు."

నాకు నవ్వొచ్చింది. ఏడుస్తూ ఉండగా నవ్వొచ్చింది. మస్తాన్ భార్య భయపడి నీళ్లు తెచ్చింది. రెండు గ్లాసులు తాగాను. ఆ తర్వాత నాకు కలిగిన దాన్ని గొప్పగా చెప్పడం నాకు చేతకాదు. ఊపిరి సులువుగా ఆడింది, అంతే. గోడ వైపు తిరిగిన ఆ వీపును యాభై ఏళ్లుగా ఒకే రకంగా చూశాను. ఇప్పుడు అదే వీపు నొప్పితో ఉన్న మనిషి వీపుగా కనబడింది. ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఇప్పటి మా అమ్మాయి కంటే చిన్నది. జెండాను విప్పి చుడుతున్న నాన్న సముద్రం గురించి ఆలోచించడం లేదు. లోపల భార్య బతికి ఉంది, ఆయన అది చాలనుకుంటున్నాడు. నాకు ఒక తమ్ముడో చెల్లెలో ఉండాల్సిందన్న సంగతి మాత్రం కొత్తగా వచ్చి ఒక పక్కన కూర్చుంది. ఆ బాధ నిజమే. కానీ అది నేను చేసింది కాదు.

పాత రోజులు మంచివని మా వయసువాళ్లు అంటుంటే నేను కాదనకుండా వింటుంటాను. ఒకరి కొళాయి ఇంకొకరి కోసం కట్టిన రోజులు అవి, నిజమే. ఇప్పుడు మా వీధిలో ఎవరింటికి నీళ్లొచ్చాయో ఎవరికీ తెలియదు. ట్యాంకరు వచ్చి ఎవరి సంపు వాళ్లకు నింపి పోతుంది. అయితే ఆ రోజుల్లోనే, ఎనిమిది ఇళ్ల నీళ్ల గురించి బండి నిండా మనుషుల ముందు అరవడానికి నాకు సిగ్గు అనిపించలేదు కానీ, తన ప్రాణం గురించి ఎదురుగా ఉన్న భర్త చెవిలో చెప్పడానికి మా అమ్మకు మాట రాలేదు. ఇప్పటి ఆడపిల్ల చెప్పేస్తుంది. భర్తకు చెప్తుంది, డాక్టరుకు ఫోన్ చేస్తుంది, అవసరమైతే గొలుసు లాగి బండి ఆపుతుంది. మా అమ్మాయి నాకు కడుపునొప్పి వచ్చినా తలనొప్పి వచ్చినా, ఆడవాళ్ల సంగతులు కూడా దాచకుండా పేరు పెట్టి అడుగుతుంది. మొదట్లో అది నాకు మోటుగా అనిపించేది. ఆ ఆదివారం నుంచి అలా అనిపించడం లేదు.

చిన్నమ్మ నా ఆలోచనలు తెగేదాకా ఆగలేదు. "ఇంతకీ పాప ఎప్పుడు పోదామంటాంది?"

"వచ్చే నెల. టికెట్లు ఇంకా తీయలేదు. నేను రానన్నా కదా."

"అయితే మూడు తీయమను."

"నువ్వొస్తావా?"

"ఏం? రాకూడదా? మీ అమ్మ ఆ పొద్దు పోతా పోతా, సముద్రం ఎట్లుంటదో చూసొచ్చి నీకు చెప్తా ఖాజా అన్నది. పోనూ లేదు, చెప్పనూ లేదు. ఇంగ ఎవరు చెప్తారని కూసోవాల నేను?"

"కండ్లు ఆనవంటివి కదా ఇప్పుడే."

"సముద్రం పెద్దదే కదా మే. ఆనుతుందిలే."

షెడ్డులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన మస్తాన్ ఇది విని తలుపు దగ్గరే ఆగిపోయాడు. "ఈ తుంటితో యాడికి పోతావమ్మా? రైలెట్ల ఎక్కుతావు?" అన్నాడు. "నువ్వు లారీలు ఎత్తుతావు కదా జాకీ పెట్టి. నన్నెత్తలేవా?" అంది చిన్నమ్మ. నేను ప్రశాంతికి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టమని చిన్నమ్మే అంది. మా అమ్మాయికి మొదట ఏమీ అర్థం కాలేదు. రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత పనిలోకి దిగిపోయింది. పేరు అడిగింది. వయసు అడిగింది.

"డెబ్బై రాయమ్మా," అంది చిన్నమ్మ.

"ఆధార్‌లో ఎనభై రెండుంది," అన్నాడు మస్తాన్.

"ఎనభై రెండంటే బండ్లోకి రానీరేమో రా."

"రానిస్తారు అవ్వా," అంది ఫోన్లోంచి ప్రశాంతి. "పెద్దవాళ్లయితే కింది బెర్త్ ఇస్తారు కూడా."

"అట్లయితే ఎనభై రెండే రాయి."

ప్రశాంతి నవ్వింది. తర్వాత జాగ్రత్తగా అడిగింది. "అమ్మా, మరి నువ్వు?"

"నన్ను కలుపుకునే మూడు," అన్నాను.

ఎందుకు మనసు మార్చుకున్నానని తను అడగలేదు. వచ్చాక అంతా చెప్తానని నేనే అన్నాను. ఫోన్ పెట్టేసేసరికి చిన్నమ్మ, అటక మీది సూట్‌కేసు ఇప్పుడే దించమని మస్తాన్‌ను కసురుతోంది. ప్రయాణానికి ఇంకా మూడు వారాలున్నాయని ఇద్దరం చెప్పాం. ఆమె వినలేదు.